సున్నా వేరు, ఖాళీ వేరు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తూ ఒక జాతీయ వృత్తి సంస్థ పెట్టే ఆఖరి దశ పరీక్షలు రాస్తున్నాను. సంస్థ పేరు, కోర్సు పేరు దయచేసి వేయవద్దు. ఒక్కో పేపరులో 40 రావాలి, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి. నన్ను ఏడిపిస్తున్నది ఒకే పేపరు. మొదటిసారి అందులో 44 వచ్చాయి, వేరే పేపరు పోయింది. రెండోసారి 51 వచ్చాయి, మొత్తం తగ్గింది. మూడోసారి బాగా రాశానన్న నమ్మకంతో ఉంటే 36 వచ్చాయి. మిగతావన్నీ గట్టెక్కాయి. అయిదు వందలు కట్టి జవాబు పత్రం కాపీ తెప్పించుకున్నాను, పదిరోజుల్లో వచ్చింది. 2(అ)లో నా స్నేహితురాలు, నేను అచ్చంగా ఒకే లెక్క చేశాం. ఆమెకు అయిదుకు నాలుగు, నాకు ఒకటి. 23వ పేజీలో రాసిన 4(ఆ)కు నాకు సున్నా. అయిదు మార్కుల ప్రశ్న, పూర్తిగా రాశాను. ఇప్పటికి నాలుగు మెయిళ్లు పంపాను. ‘మీ సందేశం అందింది’ అని కంప్యూటర్ ఇచ్చే జవాబు తప్ప మనిషి రాసిన అక్షరం ఒక్కటీ రాలేదు. ఫోను చేస్తే వెబ్‌సైట్ చూడమంటారు. ఫలితాల తేదీ కూడా రెండుసార్లు మార్చి, చివరికి ఏ కబురూ లేకుండా రాత్రి పదకొండింటికి పెట్టారు. నాన్న మాత్రం ‘నువ్వు సరిగ్గా రాసి ఉండవు’ అంటున్నారు. కోర్టుకు వెళ్లమంటారా, వదిలేసి ఉద్యోగం చూసుకోమంటారా? కాపీలోని 4(ఆ) పేజీ, ముఖపత్రం ఫొటోలు, సంస్థ నియమాల పేజీ, నేను పంపిన మెయిళ్లు జత చేస్తున్నాను.

— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివి, ఆ తర్వాత ఫొటోలు తెరిచాను. ముందే తెరవవలసింది. మీరు ‘4(ఆ)కు సున్నా’ అని రాశారు. నాకు కనిపించింది సున్నా కాదు. మీరు లెక్క మెట్లు వేసుకున్న వర్కింగ్ నోటు పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు ఉంది. దాని కింద జవాబంతా ఉంది. మార్జిన్‌లో అంకె లేదు. ముఖపత్రం మీద గళ్లలో 4(అ) ఎదురుగా మూడు ఉంది, 4(ఆ) గడి ఖాళీగా ఉంది. మొత్తం కూడేటప్పుడు ఖాళీ గడి సున్నాతో సమానమే కాబట్టి మీరు దాన్ని సున్నాగా చదువుకున్నారు. మీ కేసంతా ఆ ఖాళీలో ఉంది.

సున్నా అంటే ఎగ్జామినర్ చదివి, దీనికేమీ ఇవ్వనని తేల్చుకున్నాడని. అది ఆయన తీర్పు. ఖాళీ అంటే తీర్పే జరగలేదని, లేదా జరిగినా అంకె పడలేదని. టిక్కు పెట్టాక ఫోను మోగి ఉండవచ్చు, పేజీ తిప్పేసి ఉండవచ్చు. తీర్పు తప్పని వాదిస్తే మన దేశంలో దాదాపు ఏ పరీక్షా సంస్థా వినదు. దిద్దలేదని చూపిస్తే దాదాపు ప్రతి సంస్థా వినాలి, దాని నిబంధనల్లోనే ఆ మాట ఉంటుంది. రీవాల్యుయేషన్, అంటే పత్రం మళ్లీ దిద్దడం, లేదని గట్టిగా చెప్పే సంస్థలు కూడా ‘అన్ని జవాబులూ దిద్దారా, కూడికలో తప్పుందా’ అని సరిచూసే వెరిఫికేషన్‌కు దారి ఉంచుతాయి. మీరు జత చేసిన నియమాల పేజీలో కాపీ అందిన పదిహేను రోజుల్లోగా అలాంటి పొరపాటు చూపించవచ్చని ఉంది. గడువు దాటిపోతుందన్న భయంతో ఈ ముక్క మీకు మెయిల్‌లో ముందే పంపాను. ఇక్కడ రాస్తున్నది మిగతా వాళ్ల కోసం కూడా.

మీ నాలుగు మెయిళ్లూ చదివాను. కోపం రాకూడదు, ఒక మాట చెబుతాను. మొదటిది రెండు పేజీలు. అందులో 2(అ), మీ స్నేహితురాలి మార్కులు, ఫలితాల ఆలస్యం, ఫోను ఎత్తనివాళ్లు, మీ మూడేళ్ల కష్టం అన్నీ ఉన్నాయి. 4(ఆ) ఆఖరి పేరాలో ఉంది, అదీ ‘అన్యాయంగా సున్నా వేశారు’ అని. ఆ మెయిల్ తెరిచే గుమాస్తా చేతిలో ఉన్నది రెండు అరలు: వెరిఫికేషన్, ఇతరములు. ‘అన్యాయం’ అన్న మాట కనబడగానే అది రెండో అరలోకి పోతుంది. అక్కడి నుంచి ఏదీ బయటికి రాదు. తర్వాతి మూడు మెయిళ్లు మొదటి దానికి జవాబేదని అడిగినవే.

ఇప్పుడు రాయవలసింది నాలుగు వాక్యాలు, ఇంగ్లీషులోనే. సారాంశం ఇది: నా రోల్ నంబరు ఇది, పేపరు ఇది. ఫలానా పేజీలో 4(ఆ) జవాబు రాసి ఉంది, దానికి మార్కు వేయలేదు, ముఖపత్రంలో ఆ గడి ఖాళీగా ఉంది. కాపీలోని ఆ రెండు పేజీలు జత చేశాను. మీ ఫలానా నియమం కింద ఆ జవాబును దిద్ది మొత్తం సవరించమని కోరుతున్నాను. ఇక్కడితో ఆపండి. స్నేహితురాలి మాట వద్దు, 2(అ) వద్దు, ‘బాధ’ అన్న మాట కూడా వద్దు. మెయిల్‌తో పాటు అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మెయిల్‌కు జవాబివ్వని ఆఫీసులు కూడా ఇన్‌వర్డ్ ముద్ర పడిన కాగితాన్ని ఎక్కడో ఒక రిజిస్టరులో ఎక్కించక తప్పదు.

అయిదూ వస్తాయని మాత్రం అనుకోవద్దు. మీకు కావలసింది నాలుగు. జవాబు చూశాను, లెక్క సరిగానే ఉంది, ముగింపు వాక్యం లేదు. మూడు వేసినా నేను ఆశ్చర్యపోను. అప్పుడు 39 అవుతుంది, అది 36 కన్నా ఎక్కువ మండిస్తుంది. దానికి కూడా సిద్ధపడి పంపండి.

ఇక 2(అ). ఒకే లెక్కకు ఒకరికి నాలుగు, ఒకరికి ఒకటి ఎలా అని అడిగారు. దీనికి నేను పుస్తకంలోంచి కాకుండా నా భోజనాల బల్ల మీద నుంచి జవాబు చెబుతాను. నేను కామర్స్ పాఠాలు చెప్పిన ఏళ్లలో జవాబు పత్రాలు కూడా దిద్దాను. కట్టకు యాభై. పగలు కాలేజీ, రాత్రి భోజనాలయ్యాక పత్రాలు. ఒకసారి ఒక కట్టలో మూడో పత్రంలో ఒక లెక్కకు ఎనిమిదికి అయిదు వేశాను. నలభై ఒకటో పత్రంలో అదే లెక్క, అదే దారి, అదే చోట అదే పొరపాటు. మూడు వేశాను. నలభయ్యో పత్రం ఎవరో చాలా తెలివైన పిల్ల రాసింది, ఆ వెంటనే చదివిన పాపానికి నలభై ఒకటో వాడికి రెండు మార్కులు తగ్గాయి. ఈ సంగతి నాకై నాకు తెలియలేదు. హెడ్ ఎగ్జామినర్ నమూనాకని తీసిన నాలుగైదు పత్రాల్లో ఆ రెండూ పడ్డాయి. ఆయన చీటీ మీద రెండు నంబర్లు రాసి, మధ్యన ఒక ప్రశ్నార్థకం పెట్టి పంపాడు. సరిచేశాను. నమూనాలో పడని నలభై అయిదు పత్రాల్లో ఏముందో ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

ఇది నా ఒక్కరి పాపం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1913లో అమెరికాలో డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఎలియట్ అనే ఇద్దరు ఒకే విద్యార్థి రాసిన రేఖాగణితం జవాబు పత్రాన్ని నకళ్లు తీసి వందకు పైగా ఉపాధ్యాయులకు పంపారు. నూటికి 28 వేసినవారున్నారు, 90 దాటించినవారున్నారు. అంతకుముందు ఇంగ్లీషు పత్రంతో చేస్తే, భాష కాబట్టి అభిప్రాయ భేదాలు సహజమేనని కొందరు కొట్టిపారేశారట. అందుకే గణితం తీసుకున్నారు. ఒకడు బొమ్మ శుభ్రంగా లేదని కోస్తాడు, ఒకడు చూడనే చూడడు. ఒకడు జవాబు తప్పయితే అంతా తప్పంటాడు, మరొకడు దారికి మార్కులిస్తాడు.

మన సుప్రీంకోర్టు కూడా 2007లో సంజయ్ సింగ్ కేసులో, ఉత్తరప్రదేశ్‌లో జూనియర్ జడ్జీల నియామక పరీక్ష సందర్భంగా, ఈ సంగతి వివరంగా రాసింది. వేల పత్రాలను పలువురు దిద్దినప్పుడు ఒకరు బిగువుగా, ఒకరు ఉదారంగా ఉండటం సహజమని, దానికి మందు మోడరేషన్ అని. అంటే దిద్దేవాళ్లందరినీ ముందు కూర్చోబెట్టి ఏ మెట్టుకు ఎన్ని మార్కులో అనుకోవడం, కొన్ని పత్రాలు అందరి చేతా దిద్దించి చూడటం, మధ్యలో పైవాళ్లు నమూనాలు తీయడం, ఒకరి చెయ్యి మరీ బిగువని తేలితే ఆ కట్ట మొత్తానికి కొన్ని మార్కులు కలపడం. కట్ట మొత్తానికి, గమనించండి. ఒక కట్టలోపల మూడో పత్రానికీ నలభై ఒకటో పత్రానికీ మధ్య వచ్చే తేడాను మోడరేషన్ పట్టుకోలేదు. మీ 2(అ) ఆ సందులో పడి ఉండవచ్చు, లేదా మీరిద్దరూ వేర్వేరు చేతుల్లో పడి ఉండవచ్చు. రెండింట్లో ఏదైనా మీరు నిరూపించలేరు. పైగా స్నేహితురాలి పత్రాన్ని సాక్ష్యంగా వాడితే, పాసైన ఆ అమ్మాయిని అనవసరంగా ఇరుకున పెట్టినవారవుతారు. దాన్ని వదిలేయండి.

కంప్యూటర్ తెర మీద దిద్దిస్తే ఇవన్నీ పోతాయంటారు. మీ 4(ఆ) లాంటి ఖాళీ బహుశా పోతుంది, ఎందుకంటే ప్రతి గడీ నింపేదాకా పత్రం ముగియకుండా చేయవచ్చు. చెయ్యి బిగువు మాత్రం తెర మీద కూడా బిగువే. ఆంధ్రప్రదేశ్‌లో 2018 గ్రూప్-1 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. డిజిటల్‌గా దిద్దిన మెయిన్స్ పత్రాలను చేత్తో దిద్దించాలని 2021లో హైకోర్టు ఆదేశించింది. మళ్లీ దిద్దితే జాబితాలో పేర్లు బాగా మారిపోయాయి. దాని మీద మళ్లీ కేసులు నడిచాయి. ఆ మొదటి జాబితాలో ఉన్నవాళ్లకూ, రెండో జాబితాలోకి వచ్చినవాళ్లకూ పత్రం ఒక్కటే, రాసిన చెయ్యి ఒక్కటే.

ఇప్పుడు మీ ప్రశ్న: కోర్టుకు వెళ్లనా?

2(అ) కోసమైతే వద్దు. నియమాల్లో రీవాల్యుయేషన్ లేనప్పుడు అది హక్కుగా అడగలేరని సుప్రీంకోర్టు 1984లోనే మహారాష్ట్ర బోర్డు కేసులో తేల్చింది. 2017 డిసెంబరులో రణ్ విజయ్ సింగ్ కేసులో ఇంకా కటువుగా చెప్పింది: తర్కంతో లాగి చూపించనక్కరలేకుండా తప్పు కొట్టొచ్చినట్టు కనబడితేనే, అదీ అరుదుగా, కోర్టు కలగజేసుకుంటుంది. సందేహం ఉంటే దాని లాభం అభ్యర్థికి కాదు, పరీక్ష పెట్టినవారికి. జాలికి అక్కడ చోటు లేదు. ఇది న్యాయమా అంటే, నా మట్టుకు నాకు సగమే న్యాయం. ప్రతి పత్రమూ కోర్టుకెక్కితే ఏ ఫలితమూ నిలవదన్నది నిజమే. కానీ రెండోసారి చూడమని అడిగే దారి ఎక్కడా లేకపోతే మొదటిసారి చూసేవాడికి భయం ఉండదు. సి.ఎ. విద్యార్థులు 2019లో ఢిల్లీలో తమ సంస్థ కార్యాలయం ముందు కూర్చుని, దానికి అడ్డంగా ఉన్న సంస్థ నియమం, రెగ్యులేషన్ 39(4), మార్చి రీవాల్యుయేషన్‌కు చోటివ్వమని అడిగింది ఇందుకే. అది నలుగురూ కలిసి అడగవలసిన మాట. మీరు ఒక్కరే లాయరు ఫీజు కట్టి అడగవలసింది కాదు.

4(ఆ) సంగతి వేరు. తర్కమేమీ అక్కర్లేదు, పేజీ తెరిస్తే కనబడుతుంది. కాబట్టి సంస్థ గడువులోగా పలక్కపోతే హైకోర్టులో రిట్ వేయడం గురించి అప్పుడు ఆలోచించవచ్చు. దానికి ముందు పది రూపాయల పని ఒకటుంది.

అది సమాచార హక్కు చట్టం. మీ సంస్థ పార్లమెంటు చట్టంతో ఏర్పడింది కాబట్టి ఈ చట్టం వర్తిస్తుంది. విదేశీ సంస్థలు పెట్టే వృత్తి పరీక్షలకు ఇది పనిచేయదు, ఆ పరీక్షలు రాసేవాళ్లకు సంస్థ సొంత అప్పీలు దారే గతి. దిద్దిన జవాబు పత్రం కూడా ‘సమాచార’మేనని, రాసినవారు అడిగితే చూపించాలని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో చెప్పింది. దిద్దినవాళ్ల పేర్లు మాత్రం కప్పేయవచ్చు. నెల తిరగకుండా, సెప్టెంబరులో, సి.ఎ. సంస్థకూ షౌనక్ సత్య అనే అభ్యర్థికీ మధ్య నడిచిన కేసులో తీర్పు వచ్చింది. ఎగ్జామినర్లకిచ్చే సూచనలు, జవాబుల నమూనాలు బయట పెట్టనక్కరలేదంది కానీ, పరీక్షా సంస్థలు పాత ధోరణి మానుకుని వీలైనంత బయటపెట్టడం అలవాటు చేసుకోవాలని కూడా హితవు చెప్పింది. హితవు కదా, ఎంత చెవికెక్కిందో మీకు తెలుసు. సివిల్స్ మెయిన్స్ రాసేవాళ్లకు మాత్రం 2018 నాటి అంగేష్ కుమార్ తీర్పు అడ్డం, అక్కడ పత్రాలు ఇలా తేలిగ్గా రావు.

మీరు కాపీకి అయిదు వందలు కట్టానన్నారు. కంపెనీ సెక్రటరీల సంస్థ కేసులో, పారస్ జైన్ అనే అభ్యర్థి విషయంలో, సుప్రీంకోర్టు 2019లో తేల్చింది ఇది: సంస్థ సొంత నియమాల కింద అడిగితే సంస్థ చెప్పిన రుసుం, సమాచార హక్కు కింద అడిగితే ఆ చట్టం చెప్పిన రుసుం, ఏ దారి అన్నది అభ్యర్థి ఇష్టం. కేంద్ర నియమాల ప్రకారం దరఖాస్తుకు 10 రూపాయలు, పేజీకి 2. ముప్పై పేజీల పత్రానికి 70 రూపాయలు. అయితే మీరు డబ్బు దండగ చేశారనను. సంస్థ దారిలో మీకు పదిరోజుల్లో వచ్చింది, చట్టం దారిలో ముప్పై రోజులు చూడాలి. గడువులున్న చోట అయిదు వందలకు విలువ ఉంది.

మీరిప్పుడు చట్టం కింద అడగవలసింది కాపీ కాదు. నాలుగు వాక్యాల మెయిల్ పంపి పదిహేను రోజులు చూసి, పలకకపోతే ఇలా అడగండి: ఫలానా తేదీన అందిన నా దరఖాస్తు మీద తీసుకున్న చర్యల నమోదు కాపీ, ఆ ఫైలు ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులుంది, దాని మీద అధికారులు రాసుకున్న నోట్ ఫైలు పేజీలు. ‘ఎందుకు మార్కు వేయలేదు’ అని అడగవద్దు. కారణాలు కల్పించి చెప్పే బాధ్యత సమాచార అధికారికి లేదు, ఉన్న కాగితం ఇవ్వడమే ఆయన పని. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు ఆయన సంతోషంగా ‘సమాచారం కాదు’ అని రాసి పంపుతాడు. ‘ఎవరి బల్ల మీద ఎన్ని రోజులు’ అంటే మాత్రం ఆ ఫైలు కదులుతుంది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు.

రాత్రి పదకొండింటికి ఫలితాలు పెట్టడం, తేదీలు మార్చడం గురించి నేను చెప్పగలిగింది తక్కువ. అవి మీ మార్కులను మార్చవు. కానీ అవే మిమ్మల్ని ఎక్కువ విసిగించాయని మీ అక్షరాల్లో తెలుస్తోంది. ఒక తేదీ, ఒక ఫిర్యాదు నంబరు, ‘చూస్తున్నాం’ అని మనిషి రాసిన ఒక వాక్యం ఉంటే మీ మొదటి మెయిల్ అంత పొడుగు అయ్యేది కాదు, బహుశా ఈ ఉత్తరమూ ఉండేది కాదు. రైలు ఆలస్యమని స్టేషన్‌లో చెప్పేపాటి మర్యాద కూడా వేలమంది జీవితాలు చేతిలో పెట్టుకున్న సంస్థలు పాటించకపోవడం నాకు ఎప్పటికీ మింగుడు పడదు.

వదిలేయనా అన్నారు. వద్దు, వెరిఫికేషన్ తేలేదాకా కూర్చోనూవద్దు. వచ్చే విడతకు ఫీజు కట్టేయండి. కట్టి, ఈసారి రాత్రి పదకొండింటికి నలభై ఒకటో పత్రం దిద్దుతున్న మనిషి కోసం రాయండి. మీ పేజీలు చూశాను కాబట్టి చెబుతున్నాను. 4(అ) అయిపోయిన వరుస కిందే, గీత కూడా లేకుండా, 4(ఆ) మొదలుపెట్టారు. ప్రశ్న నంబరు మార్జిన్‌లో కాకుండా వాక్యంలో కలిసిపోయింది. అలసిన కంటికి అది 4(అ) కొనసాగింపులాగే ఉంటుంది. టిక్కు పెట్టి వెళ్లిపోవడానికి ఇదే కారణమేమో. ప్రతి ప్రశ్నా కొత్త పేజీలో మొదలుపెట్టండి, నంబరు పెద్దగా వేయండి, వర్కింగ్ నోటుకు విడిగా పేరు పెట్టండి, చివర ఒక్క వాక్యంలో ‘కాబట్టి ఇంత’ అని రాయండి. వాళ్ల తప్పుకు మీరు జాగ్రత్త పడటమేమిటని మీకనిపిస్తుంది. నిజమే, తప్పు వాళ్లదే. అయినా మార్కు మీది.

నాన్నగారి దగ్గర వాదించవద్దు. ఆయన ఈ పరీక్షలు రాయలేదు కాబట్టి, 36 అంటే చదవకపోవడం అనుకుంటారు. ఆ రెండు పేజీలూ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టండి. ఏమీ చెప్పకుండా ‘నాన్నా, ఇందులో నాలుగో ప్రశ్నకు ఎన్ని మార్కులు వేశారో చూసి పెట్టండి’ అని అడగండి. కళ్లజోడు పెట్టుకుని ఆయనే వెతుకుతారు.

చివరిగా ఒక చిన్న విషయం, చిన్నదే కానీ ముఖ్యం. మీ ఉత్తరంలో 4(ఆ) 23వ పేజీలో ఉందని రాశారు. ఫొటోలో మూలన ఉన్న అచ్చు అంకె 24. మెయిల్‌లో 24 అనే రాయండి. 23 అని రాస్తే ఆ పేజీ తెరిచి, ‘ఈ పేజీలో దిద్దని జవాబేదీ లేదు’ అని మీకు జవాబు పంపేస్తారు, ఆ జవాబు మాత్రం వెంటనే వస్తుంది.